కార్బన్–నైలాన్ రేకు, పీపీ హనీకోంబ్ కలిపి నొక్కిన డ్రోన్ ప్లేటు: పైపొర ఊడి వస్తోంది, ఎక్కడ తప్పు?

ఫిరంగిపురం_మిరప (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు పక్కన ఫిరంగిపురం. నాన్నది మిరప సేద్యం. 2021–22లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డప్పుడు నాన్న వీపుకు ట్యాంకు తగిలించుకుని రోజు విడిచి రోజు మందు కొట్టారు. సాయంత్రం చొక్కా విప్పితే రెండు భుజాల మీదా పట్టీల వాతలు ఎర్రగా తేలి ఉండేవి. డిప్లొమా చదువుతున్నప్పటి నుంచి నా ధ్యాసంతా మందు కొట్టే డ్రోన్ మీదే. ఇప్పుడు ఒక కాలేజీ టీముతో కలిసి 10 లీటర్ల ట్యాంకు డ్రోన్ నమూనా చేస్తున్నాం. కాలేజీ గ్రౌండులో నీళ్లు పోసి, పరీక్ష కోసం మాత్రమే ఎగరేస్తున్నాం.

ట్యాంకు కింద ప్లేటుతోనే ఇబ్బంది. ఇప్పుడున్నది 3 మిల్లీమీటర్ల అల్యూమినియం, 400 బై 400. దాని ఒక్కదాని బరువే 1.3 కిలోలు. మొత్తం బరువు 25 కిలోలు దాటితే డ్రోన్ స్మాల్ కేటగిరీ నుంచి మీడియంలోకి పోతుంది. అందుకని ఈ ప్లేటులో ఒక కిలో తగ్గినా ఆ కిలో బ్యాటరీకి ఇవ్వొచ్చు.

కార్బన్ సాండ్‌విచ్ చేద్దామనుకున్నాం. ఎపాక్సీ జిగురు కలపడం, ఆరబెట్టడం వద్దని, వేడి చేసి నొక్కితే సరిపోతుందని వేడికి కరిగి చల్లారితే గట్టిపడే థర్మోప్లాస్టిక్ తీసుకున్నాం. పైనా కిందా అర మిల్లీమీటరు కార్బన్–నైలాన్ 6 రేకులు, మధ్యలో 10 మిల్లీమీటర్ల పీపీ (పాలీప్రొపిలీన్) హనీకోంబ్, అంటే తేనెపట్టులా గళ్లున్న ప్లాస్టిక్ పలక, ఘనపు మీటరుకు 80 కేజీల సాంద్రతది. హనీకోంబ్‌కు రెండు వైపులా తెల్లటి పల్చటి గుడ్డలాంటి పొర అంటించి వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినవాళ్ల దగ్గర 20 టన్నుల హీటింగ్ ప్రెస్ ఉంటే అక్కడికెళ్లి నొక్కాం.

మొదటిసారి 200 డిగ్రీలు, 5 టన్నులు, నాలుగు నిమిషాలు. తెరిచి చూస్తే అంచుల్లో కోర్ (మధ్యలోని హనీకోంబ్) కరిగి 6 మిల్లీమీటర్లకు అణిగిపోయింది. రెండోసారి 150 డిగ్రీలు పెట్టాం. ఈసారి చూడ్డానికి ఎంత బాగుందో! చదునుగా, నల్లగా నిగనిగలాడుతూ, తూకం వేస్తే 370 గ్రాములు. టీమంతా సంబరపడ్డాం.

ఆ ప్లేటు మీద నీళ్లు నింపిన ట్యాంకు పెట్టి మే ఎండలో మేడ మీద వదిలేశాను. సాయంత్రం వెళ్లి చూస్తే ఒక మూల పైపొర లేచి ఉంది. గోరు దూర్చి లాగితే గోడ మీద పాత పోస్టరు ఊడినట్టు మొత్తం వచ్చేసింది. రేకు లోపలి వైపు అద్దంలా శుభ్రంగా ఉంది, గళ్ల ముద్రలు మాత్రం పడ్డాయి. తెల్ల గుడ్డ కోర్‌కే అంటుకుని ఉండిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే గాల్లో జరిగి ఉంటే కింద మనుషులు ఉంటారు కదా.

వేడి ఎంత పెట్టాలి? జిగురు వాడక తప్పదా? ఎగరేసే ముందు ప్లేటు గట్టిదని ఎలా తేల్చుకోవాలి? కాలేజీలో యూటీఎం (లాగి, నొక్కి బలం కొలిచే మిషను) ఉంది, దాన్ని వాడుకోవచ్చా?

ఆటోనగర్_ఫైబర్‌పని

తమ్ముడూ, నువ్వు ఎంత వేడి పెట్టినా అది అతకదు. ఇందులో నీ చేతి తప్పేమీ లేదు, సామాను ఎంపికలోనే ఉంది చిక్కంతా.

నైలాన్ 6 కరిగేది 220 డిగ్రీల దగ్గర. పీపీ 165 దగ్గరే కరిగిపోతుంది. 200 పెడితే కోర్ కరుగుతుంది, రేకు కరగదు. 150 పెడితే రెండూ కరగవు, పక్కపక్కన పడుకుని ఉంటాయంతే. పోనీ ఎలాగో రెంటినీ కరిగించినా నైలానూ పీపీ నూనే నీళ్లూ లాంటివి, ఒకదాన్నొకటి పట్టవు. మధ్యలో నువ్వు చెప్పిన తెల్ల గుడ్డ పాలిస్టర్. అది కరగాలంటే 250 దాటాలి. ఆ గుడ్డ పెట్టింది రెజిన్ (ద్రవంగా పోస్తే గట్టిపడే జిగురు) పీల్చుకోవడానికి. బస్సు డిక్కీ తలుపులకు ఇదే హనీకోంబ్ మీద రెజిన్ పోసి ఫైబర్ వేస్తాం, గుడ్డ తడిసి ఉడుంపట్టు పట్టేస్తుంది. నేను ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని అది. వేడితో అతికించే పనికి మాత్రం ఆ గుడ్డ అడ్డుగోడ.

నీకు రెండు దారులున్నాయి. ఉన్న సామానుతోనే చేయాలంటే రేకు లోపలి వైపు ఎమరీతో బాగా గీరి ఎపాక్సీ రాయి. నైలాన్‌కు ఎపాక్సీ పడుతుంది, గుడ్డకూ పడుతుంది. కాకపోతే చదరపు మీటరుకు 300 గ్రాముల జిగురు పట్టినా నీ ప్లేటుకు రెండు వైపులా కలిపి 100 గ్రాములు పెరుగుతుంది. మూడో వంతు కన్నా తక్కువ బరువు కోసం ఇంత కష్టపడి, మళ్లీ జిగురు మోయించడం నాకు నచ్చదు.

రెండోది, పీపీకి పీపీనే పెట్టడం. గుడ్డ లేని బోడి హనీకోంబ్ అడిగి తెప్పించు. పైపొర నువ్వే చేసుకోవచ్చు. 200 గ్రాముల కార్బన్ గుడ్డ రెండు పొరలు, వాటికి పైనా మధ్యా కిందా 100 మైక్రాన్ల పీపీ ఫిల్ములు మూడు. రెండు వైపులా టెఫ్లాన్ గుడ్డ వేసి 200 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాలు నొక్కు. ఇక్కడ కోర్ లేదు కాబట్టి బలంగానే నొక్కొచ్చు. కరిగిన పీపీ తేనెలా పారదు, బెల్లం పాకం ముదిరినట్టు ఉంటుంది. పోగుల్లోకి దూరాలంటే టైమూ కావాలి, ఒత్తిడీ కావాలి. తర్వాత ఒత్తిడి తియ్యకుండానే 100 డిగ్రీల లోపుకు చల్లార్చాలి. వేడి మీద తెరిచావంటే లోపల బుడగలు లేస్తాయి.

ఫిల్ము కొనేటప్పుడు ఒక మాట గుర్తుపెట్టుకో. మామూలు పీపీ కార్బన్‌ను సరిగ్గా పట్టుకోదు, పైగా బజార్లో దొరికే కార్బన్ గుడ్డకు పూత ఎక్కువగా ఎపాక్సీ కోసమే వేసి ఉంటుంది. మలేయిక్ అన్‌హైడ్రైడ్ కలిపిన పీపీ అని అడుగు.

ఇక రేకును కోర్‌కు అతికించే పని. నన్ను ఏడాది ఏడిపించింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతా. కోర్‌ను ఎప్పుడూ ప్రెస్‌లో పెట్టి వేడి చేయకు. రేకును మాత్రం 2 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక మీద, మధ్యలో టెఫ్లాన్ గుడ్డతో 190 నుంచి 200 వరకు వేడి చెయ్యి. పైన మాట్టుగా ఉన్న పీపీ ఒక్కసారిగా తడి తేలినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు కనపడగానే పలకతో సహా తీసి చల్లటి కోర్ మీద వెయ్యి. ఒట్టి రేకు తెస్తే అర మిల్లీమీటరు మందమే కదా, నాలుగడుగులు వేసేలోపే చల్లారిపోతుంది. కింది పలక వేడిని పట్టి ఉంచుతుంది. గళ్ల గోడల కొనలు మాత్రమే మెత్తబడి రేకులోకి దిగాలి, అది కూడా మిల్లీమీటరులో మూడో వంతు. అందుకే నాలుగు వైపులా స్టాపర్ పట్టీలు పెట్టు, ప్రెస్ అక్కడే ఆగిపోవాలి.

ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చాలు. నీ ప్లేటుకు అది ఒకటిన్నర టన్ను. నువ్వు పెట్టింది 5 టన్నులు, అంటే మూడు రెట్లు. 20 టన్నుల ప్రెస్ మీద ఒకటిన్నర టన్ను దగ్గర గేజు ముల్లు కదిలీ కదలనట్టు ఉంటుంది, నమ్మడానికి లేదు. నేనైతే వ్యాక్యూమ్ బ్యాగ్, అంటే లోపలి గాలి లాగేసే సంచి వాడతా. మన మీదున్న గాలి బరువే చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున అన్ని వైపులా సమంగా నొక్కి పెడుతుంది. ప్రెస్ పలక ఒక పక్క వాలి ఉన్నా భయం లేదు.

రెండు వైపులా ఒకేసారి వేయగలిగితే మంచిది. ఒక్కోవైపు వేస్తే ప్లేటు అప్పడంలా వంపు తిరుగుతుంది, చల్లారేదాకా బరువు పెట్టి ఉంచాలి. కార్బన్ కోసేటప్పుడు మాస్కు కట్టుకో, తడిపి కొయ్యి. ఆ పొడిలోంచి కరెంటు పారుతుంది, డ్రోన్ బోర్డుల దగ్గర ఒక్క చిటికెడు కూడా పడకూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా అక్కవాళ్లు సింగ్‌నగర్‌లో మేడ మీదే ఉండిపోయారు. పడవ పోలేని సందుల్లోకి డ్రోన్లు అన్నం పొట్లాలు, మందులు మోసుకుపోవడం నేను కళ్లారా చూశాను. అప్పటి నుంచి ఎవరైనా డ్రోన్ పని అని వస్తే నా దగ్గరున్నది ఏదీ దాచుకోను. అడుగు.

యూటీఎం_ల్యాబ్_గుంటూరు

పై సమాధానంలో తయారీ గురించి చెప్పాల్సింది దాదాపు అంతా వచ్చేసింది. నేను టెస్టింగ్ ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

ముందు లెక్క. సాండ్‌విచ్ గురించి చదివినవాళ్లు చాలామంది పైపొరల లెక్క ఒక్కటే వేసి ఆగిపోతారు. మీ ప్లేటుకు వేసి చూశాను. పైపొర మాడ్యులస్ (వంగకుండా, సాగకుండా నిలిచే గుణం) 50 గిగాపాస్కల్స్ అనుకుంటే, 3 మిల్లీమీటర్ల అల్యూమినియం కంటే మీ ప్యానెల్ వంపుకు దాదాపు 9 రెట్లు గట్టిది. వినడానికి బాగుంటుంది. కానీ పీపీ హనీకోంబ్ షియర్‌లో, అంటే పొరలు పక్కకు జారేలా తోసినప్పుడు, మెత్తన. దాని షియర్ మాడ్యులస్ 8 మెగాపాస్కల్స్ అనుకుని, 300 మిల్లీమీటర్ల ఆధారాల మధ్య బరువు పెడితే, మొత్తం వంపులో మూడింట రెండు వంతులు కోర్ జారడం వల్లే వస్తుంది. అప్పుడు 9 రెట్లు కాస్తా సుమారు 3 రెట్లకు దిగుతుంది. అయినా పావు వంతు బరువుతో మూడు రెట్ల గట్టిదనం చాలా మంచి బేరం. కాకపోతే పైపొరకు ఇంకో కార్బన్ పొర వేస్తే ప్లేటు గట్టిపడుతుందని డబ్బు పోయకండి. గట్టిపడాలంటే కోర్ మార్చాలి, లేదా కోర్ మందం పెంచాలి.

మీ కోర్ డేటాషీట్‌లో షియర్ మాడ్యులస్, షియర్ స్ట్రెంత్ ఎంతుందో చూసుకోండి. ఆ రెండు అంకెల మీదే అంతా నడుస్తుంది.

ఇక పరీక్ష. కోర్ షియర్‌కు ఏఎస్‌టీఎం సీ393 అనే ప్రామాణిక పద్ధతి ఉంది. 200 మిల్లీమీటర్ల పొడవు, 75 వెడల్పు ముక్క, 150 మిల్లీమీటర్ల దూరంలో రెండు ఆధారాలు, నడిమధ్యన లోడు. లోడు పడే చోటా ఆధారాల దగ్గరా 25 మిల్లీమీటర్ల వెడల్పు ఇనుప పట్టీ, దాని కింద రబ్బరు ముక్క పెట్టాలి. లేకపోతే రోలర్ కింద గళ్లు నలిగిపోతాయి, అది చూసి కోర్ బలం అంతే అనుకుంటారు. ఒక్క ముక్కతో తేల్చకండి, కనీసం ఐదు.

కాలేజీ యూటీఎం గురించి అడిగారు. చాలా కాలేజీల్లో ఉండేది ఇనుప కడ్డీలు, కాంక్రీటు కోసం పెట్టిన 40 టన్నుల మిషను. మీ కోర్ షియర్ బలం 0.5 మెగాపాస్కల్స్ అనుకుంటే ఈ ముక్క విరిగేది 790 న్యూటన్ల దగ్గర, అంటే 80 కిలోలు. 40 టన్నుల మిషనుకు అది ఐదు వందల్లో ఒక వంతు. లారీల కాటా మీద కందిపప్పు తూచినట్టుంటుంది. 5 కిలోన్యూటన్ల లోడ్ సెల్ (బరువు కొలిచే భాగం) ఉన్న చిన్న మిషను దొరికితేనే అక్కడ చేయండి.

దొరక్కపోతే ఇంటి దగ్గరే చేయొచ్చు. ముక్క నడుమ నుంచి ఉయ్యాల బల్లలా ఒక చెక్క వేలాడదీసి, దాని మీద 20 లీటర్ల వాటర్ టిన్నులు ఒక్కొక్కటే పెట్టండి. నాలుగు టిన్నులంటే 80 కిలోలు. చివరి టిన్నులో నీళ్లు మగ్గుతో పోసుకుంటూ వెళ్తే ఎక్కడ పోయిందో లీటరు దాకా తెలుస్తుంది. చెక్క బరువు కలపడం మరవకండి. చెక్క కింద నేలకు ఎక్కువ ఎత్తు ఉంచొద్దు, జానెడు చాలు, కాళ్లు దూరంగా పెట్టండి.

అతుకు బలానికి సీ297 అనే ఫ్లాట్‌వైజ్ టెన్షన్ పరీక్ష ఉంది. రెండు వైపులా ఇనుప దిమ్మలు అంటించి నిలువుగా లాగడం. 8 మిల్లీమీటర్ల గళ్లకు ముక్క 75 బై 75 ఉండాలి. కానీ పీపీకి ఏ జిగురూ సరిగ్గా పట్టదు. మా దగ్గర ఇలాంటివి వస్తే మొదటిసారి దిమ్మే ఊడి చేతికొస్తుంది, ప్యానెల్ చెక్కుచెదరదు. పైన గీరి, గ్యాస్ మంట ఒక్కసారి రివ్వున తిప్పి అంటిస్తే కొంత నయం.

అంకె కంటే ముఖ్యమైనది విరిగిన చోటు. రేకు లోపలి వైపు చూడండి. మీరు రాసినట్టు అద్దంలా ఉంటే అతుకు అసలు పడలేదని అర్థం. గళ్ల గోడల వెంట తెల్లటి పీచు లేచి, కోర్ ముక్కలు రేకును పట్టుకుని వస్తే అతుకు కోర్ కంటే గట్టిది. ప్లేటు మొత్తాన్ని కోయకుండా చూడాలంటే రూపాయి బిళ్లతో అంగుళం అంగుళం తట్టండి. కుండ కొనేటప్పుడు తట్టినట్టే. అతికిన చోట ఖంగున ఒకటే శబ్దం, ఊడిన చోట బొద్దుగా మూగగా వినిపిస్తుంది. సుద్దముక్కతో గీసుకుంటూ వెళ్లండి.

మీరు ఎండలో పెట్టి చూడటం చాలా మంచి పని. నల్ల కార్బన్ మన ఎండకు 65, 70 డిగ్రీలకు పోతుంది, పీపీ ఆ వేడిలో బాగా మెత్తబడుతుంది. కాబట్టి పరీక్షలన్నీ చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి. ఇంకొకటి, పీపీ బరువు కింద మెల్లగా సాగుతుంది. సగం లోడు పెట్టి ఒక పగలూ రాత్రీ వదిలేసి, వంపు పెరిగిందా లేదా వెర్నియర్‌తో కొలవండి.

మరి పీపీ ఎందుకు, ఇంకా మంచి ప్లాస్టిక్ లేదా అని ఎవరైనా అడగొచ్చు. గల్ఫ్‌స్ట్రీమ్ జీ650 విమానం తోకలో కదిలే పలకలు (రడ్డర్, ఎలివేటర్లు) కార్బన్, పీపీఎస్ అనే ప్లాస్టిక్‌తో వెల్డింగ్ చేసినవే. కానీ పీపీఎస్ కరగాలంటే 280 డిగ్రీలు కావాలి, పీక్ అనే ఇంకో ప్లాస్టిక్ అయితే 343. ఆటోనగర్ ప్రెస్‌తో అయ్యే పని కాదు. పాలికార్బనేట్ తేలిగ్గా దొరుకుతుంది, దాని జోలికి మాత్రం పోకండి. నూనెలా ఉండి నీళ్లలో పాలలా కలిసే ఈసీ రకం పురుగుమందుల్లో ఉండే సాల్వెంట్లు తగిలితే అది బీటలు వారుతుంది. మందు చుక్కలు పడే చోట మీకు పీపీయే సరైనది.

ఫిరంగిపురం_మిరప

అన్నకూ ల్యాబ్ మేడమ్ గారికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మూడు వారాలు పట్టింది, ఇప్పుడు రాస్తున్నాను.

గుడ్డ లేని హనీకోంబ్, మలేయిక్ పీపీ ఫిల్ము తెప్పించాం. పైపొరలు బాగానే వచ్చాయి. అతికించడంలో మొదటి రెండూ పాడయ్యాయి. ఒకటి నేను మెరుపు కోసం ఎదురుచూస్తూ ఎక్కువసేపు ఉంచేశాను, గళ్లు ఒక పక్కకు వాలిపోయాయి. రెండోది వ్యాక్యూమ్ బ్యాగ్ టేపు దగ్గర లీకు. మూడోది నిలిచింది. తూకం 345 గ్రాములు. రూపాయి బిళ్లతో తట్టితే మూలన అరచేయంత చోట మూగగా పలికింది, ఆ ముక్క కోసి పక్కన పెట్టి మిగతాదాంట్లో 200 బై 75 ముక్కలు తీశాం.

కాలేజీ మిషను నిజంగానే 40 టన్నులది. అందుకని వాటర్ టిన్నులే. నీడలో మొదటి ముక్క నాలుగు టిన్నులూ మోసి, ఐదో దాంట్లో ఆరో లీటరు పోస్తుంటే మెల్లగా కూలింది. టప్‌మని విరగలేదు. గళ్ల గోడలు ఏటవాలుగా మడతపడ్డాయి, పైపొర మాత్రం ఊడలేదు. స్క్రూడ్రైవరు దూర్చి బలవంతంగా పెకిలిస్తే రేకు లోపల మేడమ్ గారు చెప్పిన తెల్ల పీచు కనిపించింది. ఆ పీచు చూసి నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నాన్నను పిలిచి చూపించాను. ఆయన వేలితో రాసి చూసి, "కొబ్బరి పీచులా ఉందిరా" అన్నారు.

తర్వాత మధ్యాహ్నం రెండింటికి మేడ మీద అదే పరీక్ష. థర్మామీటరు గన్ను పైపొర మీద పెడితే 66 చూపించింది. అక్కడ రెండు టిన్నులూ 12 లీటర్ల దగ్గరే, అంటే 52 కిలోలకే కూలింది. ఐదు ముక్కలూ అటూ ఇటూగా అంతే. డిజైన్‌కు ఇక ఈ వేడి అంకెనే తీసుకుంటున్నాం. ప్లేటు కొలతల్లో చూస్తే నిండు ట్యాంకుకూ, దిగేటప్పుడు కొట్టే దెబ్బకూ ఇది చాలుతుంది. కానీ 24 గంటల పరీక్షలో సగం బరువుకే వంపు ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగింది. కాబట్టి ట్యాంకు నింపి ఎండలో వదలకూడదని టీములో రూలు పెట్టుకున్నాం, పైన తెల్ల పెయింటు కూడా వేద్దామనుకుంటున్నాం.

ఒక్కటి మిగిలింది. మోటారు ఆర్మ్ బోల్టులు బిగిస్తే ప్లేటు నొక్కుకుపోతోంది. అక్కడేం చేయాలన్నా?

యూటీఎం_ల్యాబ్_గుంటూరు

ఐదు ముక్కల అంకెలూ రాసి దాచండి, సగటు ఒక్కటే కాదు. తెల్ల పెయింటు వేసేముందు పీపీ మీద ప్రైమర్ లేకపోతే అదీ ఊడుతుంది, తెల్ల రంగు కలిపిన పీపీ ఫిల్ము పైపొరగా వేస్తే ఆ బెడద ఉండదు. బోల్టులు స్టెయిన్‌లెస్ వాడండి. అల్యూమినియం కార్బన్‌కు తగిలి తడిస్తే తినేస్తుంది.

ఆటోనగర్_ఫైబర్‌పని

బోల్టు పడే చోట హనీకోంబ్ తీసేసి గట్టి పీపీ కడ్డీ ముక్క పెట్టాలి తమ్ముడూ. 20 మిల్లీమీటర్ల పీపీ రాడ్డు కొను. హోల్‌సాతో కోర్‌కు బొక్క పెట్టి, రాడ్డును కోర్ కంటే పావు మిల్లీమీటరు పొడుగ్గా కోసి అందులో దించు. పైపొర వేడిగా వేసినప్పుడు రాడ్డు తలకాయ కూడా రేకుతో కలిసిపోతుంది. చల్లారాక నడిమధ్యన డ్రిల్ చేసి, వెడల్పు వాషరుతో బిగించు. బోల్టు ఒత్తిడి అప్పుడు రాడ్డు మీద పడుతుంది, గళ్ల మీద కాదు. జీపీఎస్ యాంటెన్నా మాత్రం ప్లేటు కింద పెట్టకు, కార్బన్ సిగ్నల్‌ను ఆపేస్తుంది.

ఆ పక్కన పెట్టిన మూల ముక్క పారెయ్యకు, తీసుకురా. ఎక్కడ వేడి తక్కువైందో చూసి చెబుతా. శనివారం మూడు దాటాక మా ప్రెస్ ఖాళీ.